పిల్లలతో పాటు పెద్దలూ చేరే వార్డు

(పిల్లలు, టీనేజర్ల మానసిక వైద్యంపై తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, హాస్టల్ వార్డెన్ల సభలో ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడ తల్లిదండ్రులున్నారు, స్కూలు టీచర్లున్నారు, రెసిడెన్షియల్ కాలేజీల వార్డెన్లు కూడా వచ్చారు. అందుకని ఉపోద్ఘాతం పక్కన పెట్టి, ఓపీలో రోజూ వినపడే ప్రశ్నతోనే మొదలుపెడతాను. పిల్లవాణ్ణి అడ్మిట్ చేయాలండీ అనగానే తండ్రి అడిగే మొదటి మాట: "ఎన్నాళ్ళు ఉంచుకుంటారు సార్? మేం ఎప్పుడెప్పుడు వచ్చి చూసుకోవచ్చు?"

వచ్చి చూసుకోవడం అంటూ ఉండదు. మీలో ఒకరు వాడితో పాటే ఉంటారు. రాత్రీ పగలూ, చేరిన రోజు నుంచి డిశ్చార్జి దాకా. ఇది ఆసుపత్రి పెట్టుకున్న నియమం కాదు, చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 87వ సెక్షన్ పూర్తిగా 18 ఏళ్ళ లోపు వారి అడ్మిషన్ గురించే. నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే మామూలుగా తల్లో తండ్రో, లేదా వారు నియమించిన మనిషి, ఎట్టి పరిస్థితుల్లోనూ పిల్లల దగ్గరే ఉండాలి. ఆడపిల్ల అయి, ఆ ప్రతినిధి మగవారైతే, తోడుగా ఒక ఆడమనిషిని పెట్టి తీరాలి. "వాళ్ళమ్మ పొలం పనులు వదిలి రాలేదు, నేనే ఉంటాను" అని తండ్రి ఎంత బతిమాలినా డాక్టరు ఒప్పుకోలేడు. పిన్నో, మేనత్తో, అమ్మమ్మో ఎవరో ఒకరు రావాలి.

ఈ పద్ధతి మనదేశంలో చట్టం కంటే చాలా పాతది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే డేరాలు వేయించి ఉంచారు. ఇంటివాళ్ళు పక్కన ఉంటే రోగి త్వరగా కోలుకోవడమూ, ఇంటికి వెళ్ళాక మళ్ళీ వదిలేయకపోవడమూ అక్కడ కళ్ళకు కనిపించింది. తర్వాత వెల్లూరు సీఎంసీలోనూ, బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనూ కుటుంబంతో కలిపి చేర్చుకోవడం స్థిరపడింది. పాశ్చాత్య దేశాల్లో పిల్లవాణ్ణి అప్పగించి వచ్చేసే పద్ధతి ఎక్కువ. ఈ ఒక్క విషయంలో మనం వాళ్ళను చూసి నేర్చుకోవలసింది లేదని నా అభిప్రాయం.

ఎవరిని చేర్చాలి, ఎవరిని చేర్చకూడదు? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో సుమారు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. వీళ్ళలో అత్యధికులకు ఓపీ వైద్యమే చాలు. అడ్మిషన్‌కు చట్టం పెట్టిన వడపోత గట్టిది. ఇద్దరు పరీక్షించాలి. ఇద్దరూ సైకియాట్రిస్టులు కావచ్చు, లేదా ఒక సైకియాట్రిస్టు, ఒక మానసిక ఆరోగ్య నిపుణుడో మామూలు డాక్టరో కావచ్చు. చేరే రోజునో, అంతకు ముందు 7 రోజుల్లోనో, ఎవరికి వారు విడివిడిగా చూడాలి. జబ్బు తీవ్రంగా ఉంది, చేర్చడం పిల్లకు మేలు, చేర్చకపోతే అవసరం తీరదు, ఇంటి దగ్గర నుంచి చేయగలిగినవన్నీ విఫలమయ్యాయి లేదా పనికిరావు అని ఇద్దరూ తేల్చాలి. పిల్లల ఇష్టాయిష్టాలు అడిగి, వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. ఆత్మహత్య ముప్పు, ఎవరూ లేకుండానే మాటలు వినపడటం, మితిమీరిన ఉద్రేకం, తిండి మానేసి ప్రాణం మీదికి తెచ్చుకోవడం, ఓసీడీ, అంటే అనుమానంతో చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేసే జబ్బు, ముదిరి స్నానాల గదిలోంచి బయటికే రాకపోవడం, ఏ జబ్బో తేలక దగ్గరుండి గమనించవలసి రావడం... ఇవి సాధారణంగా కారణాలు.

ప్రేమలో పడింది, ఎంపీసీ వద్దంటోంది, ఫోను వదలడం లేదు, ఎదురు మాట్లాడుతున్నాడు... ఇవి కారణాలు కావు. "ఒక నెల ఉంచి దారిలో పెట్టండి సార్" అని అడిగేవాళ్ళకు నేరుగా చెప్తున్నాను, ఆ పని మానసిక వైద్యశాలది కాదు. అలాగే బుద్ధిమాంద్యం ఒక్కటే ఉన్న పిల్లలు. చట్టంలో మానసిక జబ్బు నిర్వచనం నుంచి దాన్ని మినహాయించారు. అలాంటి పిల్లలకు కావలసింది శిక్షణ. దానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది, 1984 నుంచి పనిచేస్తోంది. ముందు అక్కడికి వెళ్ళండి.

సరే, చేర్చాలని తేలింది. తోడుగా ఎవరుండాలి? ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్ళు కాదు. పిల్లతో ఇంటి దగ్గర ఎక్కువ సేపు గడిపేవాళ్ళు, రేపు ఇంటికెళ్ళాక మందులు ఇచ్చేవాళ్ళు ఉండాలి. తరచూ జరిగేది ఏమిటంటే, సోమవారం అమ్మ, బుధవారం బాబాయి, శుక్రవారం తాతయ్య, ఆదివారం ఇంకెవరో. వార్డులో అమ్మకు నేర్పింది తాతయ్యకు తెలియదు. అమ్మ వద్దన్నదాన్ని బాబాయి క్యాంటీన్‌లో కొనిపెడతాడు. మారక తప్పదనుకుంటే ఇద్దరే మారండి, మారేటప్పుడు ఒక గంట ఇద్దరూ కలిసి ఉండండి. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. నిద్ర ఎన్ని గంటలు, ఎంత తిన్నాడు, ఏ మాత్ర ఏ వేళకు, ఏం జరిగితే గొడవ మొదలైంది, ఎంతసేపట్లో తగ్గింది. రౌండ్స్‌లో డాక్టరు 10 నిమిషాలుంటాడు, మీరు 24 గంటలుంటారు. ఆ పుస్తకం కేస్ షీటుకు సగం బలం.

ఇంటి దగ్గర మిగిలిన తోబుట్టువును మరిచిపోకండి. అక్క ఆసుపత్రిలో ఉంటే ఎనిమిదేళ్ళ తమ్ముడికి "అక్కకు జ్వరం" అని చెప్పి ఊరుకుంటారు. వాడు వాడికి తోచింది ఊహించుకుంటాడు. అక్కకు మనసుకు జబ్బు చేసింది, డాక్టర్లు చూస్తున్నారు, నీవల్ల రాలేదు అని మూడు మాటల్లో చెప్పండి.

చేరిన రోజు మొదట జరిగేది సంచి తనిఖీ. తల్లిదండ్రులకు ఇది అవమానంగా ఉంటుంది. బెల్టు, బూటు లేసులు, ప్యాంటు నాడా, ఛార్జరు వైరు, బ్లేడు, కంపాస్ బాక్సు, గాజు సీసా, స్ప్రే డబ్బా, అన్నీ తీసి పేరు రాసి పక్కన పెడతారు. చున్నీ కూడా. "ఆడపిల్లకు చున్నీ తీసేస్తారా" అని పెద్దవాళ్ళు బాధపడతారు, అందుకే వదులు కుర్తాలు, టీ షర్టులు తెచ్చుకోమని ముందే చెప్తాం. తోడున్నవాళ్ళ సంచి కూడా చూస్తారు. పిల్లల దగ్గర దొరికే మాత్రల్లో చాలామటుకు అమ్మమ్మ బీపీ మాత్రల పెట్టెలోంచి వచ్చినవే! సొంత బట్టలు వేసుకునే హక్కు పిల్లలకు ఉంది. యూనిఫాం తొడగకూడదు, బలవంతంగా గుండు కొట్టకూడదు. ఇవి కూడా చట్టంలోనే రాసి ఉన్నాయి.

తర్వాత బరువు, ఎత్తు, బీపీ, రక్తం, మూత్రం, థైరాయిడ్, షుగర్, కాలేయం పరీక్షలు, అవసరమైతే ఈసీజీ, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష). "మనసు జబ్బుకు రక్తపరీక్షలెందుకు? బిల్లు కోసమా?" అని అడుగుతారు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఊళ్ళలో ఆలస్యం జరిగేది ఇక్కడే.

పదహారేళ్ళ అమ్మాయి అనుకోండి. మొన్నటిదాకా మామూలుగా ఉంది. వారం పది రోజుల్లో నిద్ర పట్టకుండా అయిపోయింది, భయపడుతోంది, ఏవేవో మాట్లాడుతోంది, తర్వాత మాటే తగ్గిపోయింది. నోరు, నాలుక అదేపనిగా కదుపుతోంది, చేతులు వింతగా తిప్పుతోంది, ఒక ఫిట్ కూడా వచ్చింది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. సైకియాట్రీకి వచ్చినా పైపైన చూస్తే సైకోసిస్, అంటే లేనివి నిజమనిపించే మనసు జబ్బు, అనిపిస్తుంది. కానీ ఇది శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ మెదడు మీద దాడి చేయడం వల్ల వచ్చే వాపు కావచ్చు. ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్ అంటారు. 2007లోనే దీన్ని స్పష్టంగా వివరించారు. కొందరు ఆడపిల్లల్లో అండాశయంలో గడ్డ దీనికి మూలం. వెన్ను నీరు తీసి పరీక్ష చేయాలి, న్యూరాలజీ వైద్యం మొదలుపెట్టాలి. రోజులు గడిచేకొద్దీ నష్టం పెరుగుతుంది. జ్వరం, ఫిట్స్, వింత కదలికలు, బిగుసుకుపోవడం, వారాల వ్యవధిలో మొదలైన మార్పు, వీటిలో ఏది ఉన్నా డాక్టరు అడక్కముందే చెప్పండి.

రెండోది విల్సన్స్ వ్యాధి. శరీరం రాగిని బయటికి పంపలేక కాలేయంలో, మెదడులో పేరుకుపోతుంది. చదువులో వెనకబడటం, కోపం, చేతివ్రాత చెడిపోవడం, వణుకు, మాట ముద్దగా రావడం. "పొగరెక్కింది" అనుకుంటారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది, కాబట్టి మేనరికం చేసుకున్న ఇళ్ళలో అవకాశం ఎక్కువ. మన దగ్గర మేనరికాలకు కొదవ లేదు కదా. అందుకే "మీరిద్దరూ దగ్గర చుట్టాలా?" అని డాక్టరు అడిగితే చిన్నబుచ్చుకోకండి. కంటి డాక్టరు దీపం పెట్టి చూస్తే నల్లగుడ్డు చుట్టూ గోధుమ, ఆకుపచ్చ కలిసిన వలయం కనిపించవచ్చు. రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్), 24 గంటల మూత్రంలో రాగి చూస్తారు. ముందుగా పట్టుకుంటే మందులతో అదుపులో ఉండే జబ్బు ఇది.

ఇక వార్డులో రోజు ఎలా గడుస్తుంది? పిల్లల వార్డు పెద్దల వార్డుకు వేరుగా ఉండాలి, అదీ చట్టమే. ఉదయం లేవడం, స్నానం, టిఫిను, ఆటలు, ఒకటి రెండు గంటల చదువు, గ్రూపు, ఒంటరిగా థెరపీ, సాయంత్రం కుటుంబంతో కూర్చోవడం, రాత్రి 9:30 కల్లా పడక. ఫోను పరిమితం. ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలను నర్సు చేతికి అందేంత దూరంలో కనిపెట్టి ఉంటుంది. కాస్త తగ్గాక 15 నిమిషాలకోసారి, అదీ గడియారం కొట్టినట్టు కాకుండా అటూ ఇటూగా. తప్పు జరిగే వేళలు అందరికీ తెలిసినవే: సిస్టర్ల డ్యూటీ మారే వేళ, బాత్రూం, తెల్లవారుజాము. తోడున్నవాళ్ళు ఒక భ్రమలో ఉంటారు, నర్సు ఉంది కదా అని. నర్సులు ఇంకో భ్రమలో ఉంటారు, తల్లి ఉంది కదా అని. రెండింటి మధ్యా పిల్ల ఒంటరిదవుతుంది. మీరు టీ తాగడానికి వెళ్ళినా "సిస్టర్, నేను బయటికి వెళ్తున్నాను" అని చెప్పి, ఆమె తల ఊపాకే కదలండి.

కట్టేయడం గురించి చాలామందికి భయం ఉంది. ఒంటరి గదిలో బంధించడం పూర్తిగా నిషిద్ధం. గొలుసులు నిషిద్ధం. పట్టి ఆపడం మాత్రం, అప్పటికప్పుడు ప్రమాదం తప్పించడానికి వేరే దారే లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, ఎంత అవసరమో అంతసేపే. శిక్షగా అసలు కూడదు. ఎందుకు, ఎలా, ఎంతసేపు అన్నది వెంటనే రాసి ఉంచాలి, 24 గంటల్లోగా మీకు తెలియజేయాలి. ఆ కాగితం చూపించమని అడిగే హక్కు మీది. కరెంటు వైద్యం, అంటే ఈసీటీ, మైనర్లకు మామూలుగా ఇవ్వకూడదు. ప్రాణం మీదికి వచ్చిన అరుదైన సందర్భాల్లో సంరక్షకుల సమ్మతి, ఇలాంటి కేసులను సమీక్షించడానికి చట్టం పెట్టిన మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు ముందస్తు అనుమతి రెండూ ఉంటేనే. మత్తు ఇవ్వకుండా ఎవరికీ ఇవ్వకూడదు.

మందుల దగ్గరికి వద్దాం. మూడు సంగతులు తోడున్నవాళ్ళు తప్పక తెలుసుకోవాలి.

హాలోపెరిడాల్ లాంటి సైకోసిస్ మందు మొదలుపెట్టిన మొదటి కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో, ముఖ్యంగా టీనేజి మగపిల్లల్లో, మెడ ఒక పక్కకు బిగుసుకుపోవచ్చు, కనుగుడ్లు పైకి తిరిగి నిలిచిపోవచ్చు, నాలుక ముడుచుకుపోవచ్చు. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది. ఫిట్స్ అనుకుంటారు, దయ్యం అనుకుంటారు, డాక్టరు చంపేస్తున్నాడనుకుంటారు. అది మందు దుష్ప్రభావం. ప్రొమెథజిన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా అరగంటలోపే సర్దుకుంటుంది. గొంతు బిగిసి ఊపిరి ఆడకపోతే మాత్రం అది అత్యవసరం. ముందే చెప్పకపోవడం వల్ల ఈ ఒక్క దృశ్యం చూసి జన్మలో మళ్ళీ సైకియాట్రీ గుమ్మం తొక్కని కుటుంబాలున్నాయి. చెప్పకపోవడం మా వైద్యుల తప్పు.

రెండోది ఫ్లూఆక్సెటిన్. టీనేజి డిప్రెషన్‌కు ఎక్కువగా రాసేది ఇదే. సాధారణంగా 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 20కి వెళ్తారు. పనిచేయడం కనిపించడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. వారానికే "గుణం లేదు" అని మానేయకండి. 2004లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ తరగతి మందుల మీద నల్ల చట్రంలో ముద్రించే గట్టి హెచ్చరిక (బ్లాక్ బాక్స్) పెట్టింది. పరీక్షల్లో మందు వాడిన పిల్లల్లో 4 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలో ప్రయత్నాలో కనిపించాయి. ఆ పరీక్షల్లో ఒక్క ఆత్మహత్య మరణం కూడా లేదు. ఇంటర్నెట్‌లో మొదటి వాక్యం చదివి మందు పారేసేవాళ్ళున్నారు. అంతకంటే ముఖ్యం, మొదటి వారాల్లోనూ డోసు మార్చినప్పుడూ దగ్గరుండి చూడటం: కుదురు లేకుండా తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, అతిగా హుషారు. కనిపిస్తే అదే రోజు చెప్పాలి.

మూడోది లిథియం, బైపోలార్ జబ్బుకు, అంటే మనసు ఒకసారి అతి హుషారుగా, ఒకసారి దిగులుగా మారే జబ్బుకు ఇచ్చేది. రక్తంలో దాని మోతాదు చూడటానికి, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. పొద్దున మాత్ర మింగించి ల్యాబుకు తీసుకెళ్తే లెక్క తప్పుతుంది. వాంతులు, విరేచనాలు, మన ఎండల్లో చెమట, ఉపవాసాలు, ఒంటినొప్పులకు మెడికల్ షాపులో కొనే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు, ఇవన్నీ రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. చేతులు బాగా వణికి, నడక తూలి, మాట తడబడితే తర్వాతి మాత్ర ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఒలాంజపిన్ లాంటి సైకోసిస్ మందులతో బరువు పెరుగుతుంది. వారానికోసారి బరువు చూడండి. మొదట్లో చేసిన షుగర్, కొవ్వు పరీక్షలు మూడు నెలలకు మళ్ళీ చేయించండి. ఆడపిల్లలకు వాల్‌ప్రొయేట్ (ఫిట్స్‌కూ బైపోలార్‌కూ వాడే మందు) రాస్తే, వేరే దారి ఉందా అని ఒకసారి అడగండి.

మందు సంగతి అలా ఉంచితే, తోడున్న మనిషే వైద్యంలో భాగం ఎలా అవుతారో ఓసీడీలో బాగా తెలుస్తుంది. పద్నాలుగేళ్ళ అబ్బాయి. చేతులు కడగడం రోజుకు నాలుగైదు గంటలు. కుళాయి వాడు ముట్టుకోడు, అమ్మ తిప్పాలి. అమ్మ ముందు తన చేతులు కడుక్కోవాలి. "అమ్మా, అంటుకోలేదు కదా? ఏం కాదు కదా?" అని రోజుకు వందసార్లు అడుగుతాడు, ఆమె వందసార్లూ "ఏం కాదు నాన్నా" అంటుంది. ప్రేమతోనే అంటుంది. కానీ ప్రతి జవాబూ ఒక అయిదు నిమిషాల ఊరట ఇచ్చి, ఆరో నిమిషంలో అనుమానాన్ని ఇంకాస్త బలంగా తిరిగి తెస్తుంది.

వార్డులో వాడితో కూర్చుని ఒక నిచ్చెన రాస్తాం. భయానికి 0 నుంచి 100 దాకా మార్కులు వాడే వేస్తాడు. తలుపు గడియ పట్టుకోవడం 30. వరండా నేల మీద చెయ్యి పెట్టడం 50. చెప్పు ముట్టుకోవడం 70. బాత్రూం కుళాయి ముట్టుకుని ఆ చేత్తో బిస్కెట్టు తినడం 95. కింది మెట్టు నుంచి మొదలు. గడియ పట్టుకున్నాడు, కడుక్కోకూడదు. భయం 60కి ఎగబాకుతుంది, చెమటలు పడతాయి, ఏడుస్తాడు. అలాగే కూర్చోవాలి. అరగంటో, ముప్పావు గంటో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో. కడగకపోయినా అది దానంతట అదే దిగుతుందని వాడి ఒంటికి తెలియాలి. రోజుకు రెండు మూడుసార్లు, ఒక మెట్టు సులువయ్యాకే తర్వాతిది. ఎక్కడ చెడుతుంది? భయం పైన ఉండగానే తల్లి జాలిపడి తడి గుడ్డ అందిస్తుంది. అక్కడితో ఆ గంట వృథా, పైగా "తడి గుడ్డ దొరికేదాకా ఏడవాలి" అన్న పాఠం వాడికి వంటబడుతుంది.

జవాబు చెప్పే అలవాటును కూడా పిల్లవాడికి ముందే చెప్పి, వాడు ఒప్పుకున్నాకే మాన్పిస్తాం. మొదటి మూడు నాలుగు రోజులు గొడవ పెరుగుతుంది, తగ్గదు. ఇది తెలియని తండ్రి నాలుగో రోజు "ఇంకా ముదిరింది, తీసుకెళ్తాం" అంటాడు. సరిగ్గా తిరుగుముఖం పట్టే రోజది. ఇంట్లో మడి ఆచారం ఉన్నవాళ్ళు "ఇది మా అమ్మమ్మ నుంచి వచ్చింది" అంటారు. మడి కట్టుకున్న అమ్మమ్మ పూజ, వంట అయ్యాక మడి విడిచి హాయిగా కబుర్లు చెప్పుకుంటుంది. ఆమెను అది బాధపెట్టదు. వీణ్ణి రోజంతా వదలదు, వాడికే అసహ్యంగా ఉంటుంది. తేడా అక్కడ.

తిండి మానేసి బరువు బాగా పడిపోయిన పిల్లల విషయంలో ఒక్క హెచ్చరిక. చేరగానే "పాపం" అని బంధువులు జ్యూసులు, స్వీట్లు, సెలైన్లో గ్లూకోజు అంటూ ఒత్తిడి చేస్తారు. ఎండిపోయిన శరీరానికి ఒక్కసారిగా పిండిపదార్థం అందితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం అమాంతం పడిపోయి గుండె లయ తప్పుతుంది. అందుకే తిండి కొలతగా పెంచుతారు, ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇస్తారు, మొదటి వారం దాదాపు రోజూ రక్తం చూస్తారు. డైటు చీటీలో లేనిది చేతిలో పెట్టకండి.

పిల్లలు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతారు. "ఏం చెప్పింది?" అని అడిగితే అన్నీ చెప్పం. ప్రాణానికి ముప్పు ఉంటే చెప్తాం. ఇంకో మినహాయింపు లైంగిక వేధింపు. పోక్సో చట్టం 2012 ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేసి తీరాలి, డాక్టరు, టీచరు, వార్డెను, ఎవరైనా సరే. "పరువు పోతుంది, కేస్ షీటులో రాయకండి" అని కాళ్ళు పట్టుకున్నా కుదరదు. ఈ సంగతి పిల్లలకు మొదటి రోజే చెప్తాం, తర్వాత మోసపోయామనుకోకుండా.

ఎన్ని రోజులు? చాలామందికి రెండు నుంచి నాలుగు వారాలు. పిల్లను చేర్చుకున్న సంగతి ఆసుపత్రి 72 గంటల్లోగా రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. 30 రోజులు దాటితే మళ్ళీ చెప్పాలి, బోర్డు 7 రోజుల్లోగా సమీక్షించాలి, ఆపైన ప్రతి 30 రోజులకూ. ఎక్కువ రోజులు ఉంచితే ఎక్కువ మేలనుకోకండి. వార్డులో పిల్లలు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు, చేతులు కోసుకోవడం కూడా. బడి దూరమవుతుంది, వార్డే సుఖమనిపిస్తుంది. మరోవైపు, ప్రతినిధిగా మీరు డిశ్చార్జి అడిగితే పంపించవలసిందే. ఈ అధికారం మీ చేతిలో ఉంది కాబట్టే చెప్తున్నాను: పెళ్ళి ఉందనో, జాతర ఉందనో, శుక్రవారం పంపకూడదనో దాన్ని వాడకండి.

నన్నడిగితే అడ్మిషన్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన రోజు డిశ్చార్జి తర్వాతి రోజు. మొదటి వారం, తర్వాత మూడు నెలలు, ఆత్మహత్య ముప్పు ఎక్కువగా ఉండే కాలం. పిల్ల నవ్వుతూ ఇంటికొస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, కాపలా సడలుతుంది. అందుకే కదిలే ముందే 7 రోజుల్లోపు రివ్యూ తేదీ చేతిలో ఉండాలి. పిల్ల రాకముందే ఇంట్లో ఒకరు వెళ్ళి పురుగుమందు డబ్బాలు ఇంటినుంచి పూర్తిగా తీసేయాలి, మాత్రలన్నీ తాళం పెట్టిన పెట్టెలోకి వెళ్ళాలి, అమ్మమ్మవీ కలిపి. తాళంచెవి ఒకరి దగ్గరే ఉండాలి. మాత్ర మీ ఎదుట మింగాలి.

ఒక భద్రతా పత్రం పిల్ల చేతే, తన చేతివ్రాతలో రాయిస్తాం. నాకు మనసు చెడబోతోందని ఏ గుర్తుల వల్ల తెలుస్తుంది, అప్పుడు ఒంటరిగా నేను ఏం చేయగలను, ఎవరి దగ్గరికి పోతే మనసు మళ్ళుతుంది, ఎవరికి నోరు తెరిచి చెప్పగలను, ఏ డాక్టరు, ఏ నంబరు, ఇంట్లో ఏవేవి దూరంగా పెట్టాలి. "దేవుణ్ణి తలుచుకుంటాను, బాగా చదువుకుంటాను" అని రాస్తే తిప్పి పంపిస్తాం. "మేడ మీదికెళ్ళి కుక్కకు అన్నం పెడతాను, తగ్గకపోతే అత్తకు ఫోన్ చేస్తాను" అన్నది పత్రం. నంబరు దగ్గర 14416 రాసుకోండి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకు 1098 కూడా ఉంది.

వార్డెన్లకు ఒక మాట. డిశ్చార్జి అయిన పిల్లను నేరుగా హాస్టల్‌కు తీసుకోకండి. కొన్ని వారాలు ఇంటి నుంచి సగం పూట రానివ్వండి. రాత్రి మందు వేసుకున్న పిల్లవాణ్ణి తెల్లవారుజామున 5 గంటల స్టడీ అవర్‌కు లేపితే వాడు కూర్చుని నిద్రపోతాడు. బైపోలార్ జబ్బున్న పిల్లలకు అయితే వరసగా నాలుగు రాత్రులు నిద్ర తగ్గించడం జబ్బును మళ్ళీ పిలవడమే. వాళ్ళకు రాత్రి 10 తర్వాత స్టడీ లేదని కాగితం మీద రాసివ్వండి. మందు మీ ఆఫీసులో ఉంచండి, పిల్లల ట్రంకు పెట్టెలో వద్దు. "పిచ్చాసుపత్రికి వెళ్ళొచ్చాడు" అన్న మాట మీ స్టాఫ్ రూంలో పుట్టకుండా చూసుకోండి.

ఇక గంజాయి, వైట్‌నర్, సొల్యూషన్ పీల్చే పిల్లలను "రీహాబ్" పేరున్న చోట్ల ఆరు నెలలు దిగబెట్టడం. మత్తుపదార్థాల వల్ల వచ్చే సమస్యలూ చట్టం దృష్టిలో మానసిక జబ్బే, కాబట్టి అక్కడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి. 18 లోపు వారికి వేరే వార్డు ఉందా, మిమ్మల్ని తోడు ఉండనిస్తారా, సైకియాట్రిస్టు ఎన్నిసార్లు వస్తాడు అని అడగండి. "మూడు నెలలు ఫోన్ కూడా చేయకూడదు, మా వాళ్ళే వ్యాన్‌లో వచ్చి ఎత్తుకుపోతారు" అంటే వెనక్కి తిరగండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో ఒక ప్రైవేటు షెడ్డు తగలబడి గొలుసులతో కట్టేసిన 28 మంది కాలిపోయారు. చట్టంలో గొలుసు అన్న మాట ఊరికే రాలేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లల తల్లిదండ్రులూ ఈ మధ్య ఫోన్ చేసి అడుగుతున్నారు. అక్కడ ఆసుపత్రి అడ్మిషన్ కొద్ది రోజులే, ఆ తర్వాత రెసిడెన్షియల్ సెంటర్లో నెలల తరబడి ఉంచమంటారు, తరచూ వేరే రాష్ట్రంలో. 2024 జూన్‌లో అక్కడి సెనేట్ ఫైనాన్స్ కమిటీ ఇలాంటి కేంద్రాల్లో పిల్లల మీద జరుగుతున్న దౌర్జన్యం, నిర్లక్ష్యం గురించి నివేదిక ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో దీని మీద ఒక చట్టం కూడా వచ్చింది. వాళ్ళకూ అవే ప్రశ్నలు: ఎవరూ వినకుండా పిల్లతో మాట్లాడనిస్తారా, పట్టి ఆపిన లెక్క చూపిస్తారా, కుటుంబ థెరపీ వారానికి ఎన్నిసార్లు. ముందు ఇంటి నుంచి వెళ్ళొచ్చే డే ప్రోగ్రాంలు నిజంగా ప్రయత్నించారా అన్నదీ అడగాలి.

రెండు చీటీలు వచ్చాయి. "ఇన్సూరెన్సు వర్తిస్తుందా?" శరీర జబ్బులకు ఎలా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే ఇవ్వాలని చట్టం 21వ సెక్షన్ చెప్తోంది. కంపెనీ మానసిక జబ్బు అన్న ఒక్క కారణంతో తిరస్కరిస్తే ఆ మాట రాతపూర్వకంగా తీసుకుని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళండి. పాలసీలోని వెయిటింగ్ పీరియడ్ లాంటి మామూలు షరతులు మాత్రం దీనికీ ఉంటాయి.

రెండో చీటీ: "స్కూలుకు ఏమని సర్టిఫికెట్ ఇవ్వాలి? సైకియాట్రీ అని ఉంటే అమ్మాయి భవిష్యత్తు ఏమవుతుంది?" జబ్బు పేరు రాయనక్కర్లేదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఆసుపత్రిలో చికిత్స పొందింది, ఫలానా తేదీ నుంచి హాజరు కావచ్చు అని డాక్టరు రాసిస్తే చాలు. గోప్యత పిల్ల హక్కు. లెటర్‌హెడ్ మీద ఆసుపత్రి పేరు చూస్తే తెలిసిపోతుందనుకుంటే, ఆ కాగితాన్ని క్లాసు టీచరుకు కాకుండా ప్రిన్సిపాల్‌కే కవర్లో పెట్టి ఇవ్వండి, ఒక జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి.